మా నోవాకి 454 ఎక్కించిన వైనం

బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే 1800 ఆర్‌పీఎం దాకా ఏ గొడవా లేదు. 2200 వచ్చేసరికి లోపలి అద్దంలో గ్యారేజ్ తలుపు ఒకటికి రెండుగా కనిపించేది. 2800 దగ్గర స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కేవి. పాత షెవర్లే నోవా కారులో 454 అనే పెద్ద ఇంజిన్ పెట్టి, పద్దెనిమిది నెలల శని, ఆదివారాలు ధారపోసి కట్టుకున్న బండి అది. ఆ వణుకు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ తలనొప్పిని ఎలా కొనితెచ్చుకున్నానో చెప్పాలి.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి పడమరగా ఉన్న క్యాంటన్‌లో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. చేతికి గ్రీజు అంటడం మాత్రం చిన్నప్పటి అలవాటు. విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్యకి షెడ్డు ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి. అంబాసిడర్‌లో పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ పెట్టడం అప్పట్లో ట్యాక్సీవాళ్లకి మామూలు విషయం. చైన్ పుల్లీకి వేలాడుతున్న ఇంజిన్ని మామయ్య ఒంటిచేత్తో అటూ ఇటూ తిప్పుతూ బానెట్ లోపలికి దించుతుంటే నోరెళ్లబెట్టి చూసేవాణ్ణి. ఇంజిన్ మార్చడమంటే ఒక పూట పని అనే భ్రమ నాలో అక్కడే పాతుకుపోయింది.

ఇప్సిలాంటి దగ్గర ఒక ఇంటి వెనక షెడ్డులో దొరికింది ఈ 1972 షెవర్లే నోవా. రెండు తలుపుల కూపే. ముదురాకుపచ్చ రంగు, వెనక రెక్కల (మడ్‌గార్డుల) కింద తుప్పు, సీట్లో ఎలకల గూడు. డ్యాష్‌బోర్డు మీద విన్ నంబర్, అంటే బండి గుర్తింపు సంఖ్య, చూస్తే 1 ఎక్స్ 27 డి 2 డబ్ల్యు అని మొదలైంది. ఎక్స్ అంటే నోవా, 27 అంటే కూపే, డి అంటే 250 క్యూబిక్ ఇంచీల ఆరు సిలిండర్ల ఇంజిన్, 2 అంటే 1972, డబ్ల్యు అంటే విల్లో రన్ ఫ్యాక్టరీ. విల్లో రన్ మా ఇంటికి అరగంట దూరం కూడా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ కంపెనీ బి-24 బాంబర్లు తయారుచేసిన చోటు, తర్వాత జనరల్ మోటార్స్ చేతికొచ్చింది. అంటే ఈ బండి పుట్టింటికి పక్కనే యాభై ఏళ్లుగా పడి ఉందన్నమాట. 7,800 డాలర్లకి బేరం కుదిరింది. మా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమండీ, ఇది కొన్నారా, లేక వదిలించుకున్న వాళ్లకి సాయం చేశారా?" అంది.

ఆరు సిలిండర్ల ఇంజిన్ మంచిదే. 1972 లెక్కలో 110 హార్స్‌పవర్. పాలు, కూరగాయలు తెచ్చుకోవడానికి సుఖంగా ఉంటుంది. కానీ ఈ ఆకారంలో ఉన్న నోవాకి ఒక చరిత్ర ఉంది. 1968 నుంచి 1970 దాకా కంపెనీయే ఇందులో 396 అనే బిగ్ బ్లాక్, అంటే పెద్ద రకం ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, పెట్టి అమ్మింది. 1969లో పెన్సిల్వేనియాలోని క్యానన్స్‌బర్గ్‌లో డాన్ యెంకో అనే డీలరు 427 పెట్టిన నోవాలు అమ్మాడు. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో బాల్డ్విన్ షెవర్లే డీలర్‌షిప్, జోయెల్ రోజన్ నడిపిన మోషన్ పెర్ఫార్మెన్స్ కలిసి 454 కూడా దించారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు ఇలాంటి బండ్లకి ప్రీమియం విపరీతంగా పెంచాయి, పొల్యూషన్ నిబంధనలు వచ్చాయి, ఆ ముచ్చట తీరిపోయింది. 1972 నోవాలో కంపెనీ నుంచి వచ్చిన అతి పెద్ద ఇంజిన్ 350. కంపెనీ ఇవ్వనిది నేను ఇద్దామనుకున్నాను.

బిగ్ బ్లాక్ అంటే పేరుకి తగ్గట్టే పెద్ద దిమ్మ. 454 క్యూబిక్ ఇంచీలంటే 7.4 లీటర్లు. మన పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్లు ఐదు కలిపితే దాదాపు అంత. బరువు సుమారు 310 కిలోలు. ఇక్కడి మెకానిక్‌లు షెవర్లే స్మాల్ బ్లాక్‌ని 'చిట్టెలుక' అని, బిగ్ బ్లాక్‌ని 'పందికొక్కు' అని అర్థం వచ్చే పేర్లతో పిలుస్తారు. మా పక్కింటి పెద్దాయన కూడా అంతే. నలభై ఏళ్లు కార్ల ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేసి రిటైరైనవాడు. నోవాని ట్రక్కు మీంచి దింపుతున్నప్పుడు కాఫీ కప్పుతో వచ్చి నిలబడి, "ఇందులోకి పందికొక్కు కావాలి" అన్నది ఆయనే. ఆ మాట అని వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంజిన్ వేట మూడు నెలలు సాగింది. జాక్సన్ వైపు ఒక పొలంలో 427 ఉందని తెలిసి ఎగురుకుంటూ వెళ్లాను, పెద్దాయన్ని వెంటబెట్టుకుని. 427 అంటే యెంకో వాడిన నంబరే కదా! అమ్మేవాడు 600 డాలర్లే అడిగాడు. నేను జేబులోంచి డబ్బు తీయబోతుంటే పెద్దాయన టేపు తీసి బ్లాక్ కొలిచి, తల అడ్డంగా ఊపాడు. అది ధాన్యం మోసే పెద్ద లారీలోది. లారీల కోసం చేసిన 427లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మధ్య నుంచి హెడ్డు కూర్చునే చోటికి 10.2 అంగుళాలు. కార్లలో వచ్చిన బిగ్ బ్లాక్‌కి 9.8. ఆ 0.4 అంగుళం తేడాతో కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి దారి ఇచ్చే మామూలు ఇన్‌టేక్ మానిఫోల్డ్ పట్టదు. పిస్టన్లకి నాలుగు రింగులు ఉంటాయి. అదే నంబరు, వేరే జంతువు. తిరుగు ప్రయాణంలో ఆయన ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, అంత మర్యాదస్తుడు.

చివరికి 1976 నాటి పికప్ ట్రక్కులోంచి తీసిన 454 ఒకటి 900 డాలర్లకి దొరికింది. కుడివైపు హెడ్డుకి ముందు బ్లాక్ మీద నున్నటి చోట ఒక కోడ్ కొట్టి ఉంటుంది. వైరు బ్రష్‌తో గీకితే మొదటి అక్షరం 'టి' కనిపించింది. టి అంటే టోనవాండా, న్యూయార్క్ రాష్ట్రంలో ఈ ఇంజిన్లు తయారైన ఊరు. ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక కొసకి బిగించి గేర్‌బాక్స్‌కి కలిపే పళ్ల చక్రం) లేదు, సెల్ఫ్ మోటారు లేదు, కార్బొరేటర్ లేదు. "ఫ్లెక్స్‌ప్లేట్ ఎక్కడైనా దొరుకుతుందిలే" అని అమ్మినవాడు అన్నాడు. నిజమే, ఎక్కడైనా దొరుకుతుంది. అసలు కథంతా అక్కడే ఉంది.

బ్లాక్‌ని మెషిన్ షాపుకి ఇచ్చాను. సిలిండర్లకి 0.03 అంగుళం మేర బోరింగ్ కొట్టించాం. 4.25 అంగుళాల బోరు 4.28 అయింది, 454 కాస్తా 460 అయింది. ట్రక్కు పిస్టన్లతో కంప్రెషన్ మరీ తక్కువ, అందుకని కొత్త పిస్టన్లు తెప్పించాం. మెషిన్ షాపతను ఫోన్ చేసి, "క్రాంక్ బ్యాలెన్స్ చేయాలంటే ముందు డ్యాంపర్ (క్రాంక్ ముందు కొసన ఉండే బరువు చక్రం), ఫ్లెక్స్‌ప్లేట్ తెచ్చి ఇవ్వాలి, తెస్తావా?" అని అడిగాడు. అప్పటికే బిల్లు 1,900 దాటింది. పాత క్రాంకే, పాత రాడ్లే కదా, బ్యాలెన్స్ ఎందుకు అనుకుని వద్దన్నాను. కొత్త పిస్టన్ల బరువు పాతవాటికి దగ్గరగా ఉందో లేదో తూచి చూసుకో అని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. వంటింటి త్రాసు మీద తూచాను. దగ్గరగానే ఉన్నాయి. ఆ ముక్కతో నాకు ధైర్యం వచ్చేసింది.

ఇంజిన్ బిగించే రోజులు మాత్రం హాయిగా గడిచాయి. పెద్దాయన స్టూల్ మీద కూర్చుని చెప్తుంటే నేను టార్క్ రెంచితో మెయిన్ క్యాపులు బిగించేవాణ్ణి. ఒక్కో పిస్టన్ బోరులోకి జారుతున్నప్పుడు సుత్తి పిడితో కొట్టే ఆ మెత్తటి టక్, టక్ చప్పుడు భలే ఉంటుంది. మా అమ్మాయికి పదకొండేళ్లు. దాని చేతులు సన్నం కాబట్టి వాల్వులు తెరిచే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్‌కి అసెంబ్లీ గ్రీజు పూసే పని దానికిచ్చాను. స్కూల్లో 'వారాంతం ఏం చేశావు' అంటే ఆ సంగతి రాసింది. టీచర్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపారు.

పాత ఇంజిన్ ఒక పూటలో బయటికొచ్చింది. హాయిస్ట్ మీద కొత్తది లోపలికి దించడానికి పట్టింది నాలుగు గంటలు. మామయ్య చేసినట్టే అనిపించింది. కానీ మామయ్య షెడ్డులో నేను చూడని భాగం చాలా ఉంది. ఇంజిన్ దిగాక బండి ఎప్పుడు బయటికి వెళ్లేది? వారం తర్వాత. ఆ వారమంతా వాళ్లు ఏం చేస్తున్నారో పిల్లవాడిగా నాకు పట్టలేదు. నాకు ఆ వారం ఏడు నెలలు పట్టింది.

ఆరు సిలిండర్ల నోవా చుట్టూ ఉన్న ప్రతి వస్తువూ ఆరు సిలిండర్ల కొలతకి చేసిందే. ఇంజిన్ స్టాండ్లు వేరు, బిగ్ బ్లాక్‌కి సరిపడేవి కొత్తగా తెప్పించాం. రెండు గేర్ల పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్ ఈ బలానికి నిలబడదు, టర్బో 400 అనే గట్టి గేర్‌బాక్స్ పెట్టాం. దానికి వేరే క్రాస్‌మెంబర్, వేరే యోక్, పొడవు తగ్గించిన ప్రొపెల్లర్ షాఫ్ట్, కిక్‌డౌన్‌కి ఒక వైరు. పెట్రోల్ గొట్టం సన్నం, 3/8 అంగుళాలది వేశాం, దాంతో ట్యాంకు కిందికి దించాల్సి వచ్చింది. వెనక ఇరుసు హౌసింగ్ మార్చాం. ఒక బీరువా తలుపు లోపల కాగితం అంటించి పని అయినకొద్దీ కొట్టేసేవాణ్ణి. ఒకటి కొట్టేస్తే కింద రెండు చేరేవి.

బ్రేకుల విషయంలో పెద్దాయన ముందునుంచే మొండిగా నిలబడ్డాడు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉన్నాయి. "ముందు ఆగడం నేర్పు, తర్వాత పరుగెత్తడం నేర్పుదాం" అన్నాడు. ముందు చక్రాలకి డిస్కులు, కొత్త మాస్టర్ సిలిండర్, బూస్టర్ వేసేదాకా ఆయన హాయిస్ట్ అరువివ్వలేదు. ఇంజిన్ దించాక చూస్తే వాల్వ్ కవర్‌కీ బూస్టర్‌కీ మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కదిలినప్పుడు తగులుతుందేమోనని చిన్న బూస్టర్ తెచ్చి మళ్లీ వేశాను.

ఎగ్జాస్ట్ హెడర్లు నా సహనానికి పరీక్ష. ఎనిమిది గొట్టాలు పాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి. ఎడమవైపుది పైనుంచి దిగదు. బండిని నడుం ఎత్తుకి లేపి, ఇంజిన్ని మౌంట్ల నుంచి విడదీసి రెండంగుళాలు ఎత్తి, కింద నుంచి లోపలికి ఎక్కించాలి. స్టీరింగ్ బాక్స్ పక్కగా వెళ్లాల్సిన గొట్టం సరిగ్గా దానికే ఆనింది. కొత్త హెడర్ని సుత్తితో కొట్టి సొట్ట పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పెద్దాయన సుత్తి తీసుకుని రెండు దెబ్బలు వేసి, "ఇప్పుడు పడుతుంది" అన్నాడు. పట్టింది. డ్రైవర్ వైపు వెనక ప్లగ్గులు మార్చాలంటే ఇప్పటికీ చక్రం విప్పి, పొట్టి పానాతో పావు మర చొప్పున తిప్పాలి.

హీటర్ దగ్గర నేను ఓడిపోయాను. ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ, ఫైర్‌వాల్ మీద హీటర్ బాక్స్ ఉంటుంది. కంపెనీ బిగ్ బ్లాక్ పెట్టిన నోవాలకి ఆ బాక్స్ కవరు వేరుగా, పలచగా ఉంటుంది, ఎందుకంటే మామూలుది కుడివైపు వాల్వ్ కవర్‌కి అడ్డొస్తుంది. పలచటి కవరు తెప్పించాను. కానీ పాతదాన్ని తీయాలంటే ఒక బోల్టు ముందు రెక్క వెనక దాక్కుని ఉంటుంది. రెక్క లోపలి రేకు విప్పితేనే పానా అందుతుంది. ఇంజిన్ పెట్టకముందే చేసుండాల్సిన పని. అప్పటికి హీటర్ బాక్స్ బయటి భాగం కోసి తీసి, రంధ్రానికి రేకు కొట్టి మూసేశాను. మిషిగన్‌లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు, పాత బండ్లు ఎలాగూ బయటికి తీయం, హీటర్ దేనికని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదటిసారి స్టార్ట్ చేసింది అక్టోబరు చివర్లో ఒక ఆదివారం. స్టార్ట్ చేయకముందు ఆయిల్ ఎక్కించాలి. ఈ ఇంజిన్లో ఆయిల్ పంపుని తిప్పేది డిస్ట్రిబ్యూటరే. అందుకని డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి పొడవాటి కడ్డీ దించి, పై కొసని డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించి తిప్పాలి. మొదట డ్రిల్లు గాల్లో తిరిగినట్టు తేలిగ్గా తిరిగింది. పది సెకన్ల తర్వాత ఒక్కసారిగా బరువెక్కి నా మణికట్టుని మెలితిప్పింది. ఆయిల్ ప్రెషర్ గేజ్‌లో ముల్లు 55కి లేచింది. వాల్వ్ కవర్లు తీసి ఉంచాం. ఒక్కో పుష్‌రాడ్ కొస నుంచి ఆయిల్ ఊటలా ఊరి రాకర్ల మీదుగా జారడం మొదలైంది. పదహారూ తడిశాయని అమ్మాయి లెక్కపెట్టి చెప్పింది.

సెల్ఫ్ కొడితే మూడో తిరుగుడుకి అందుకుంది. కొత్త క్యామ్‌కి మొదటి ఇరవై నిమిషాలే ప్రాణం. ఐడిలింగ్‌లో ఉంచకూడదు, 2000కీ 2500కీ మధ్య ఆపకుండా తిప్పాలి, జింక్ ఉన్న ఆయిల్ పోయాలి. లేకపోతే క్యామ్ లోబులు అరిగి ఇనుప రజను ఇంజినంతా పాకుతుంది. హెడర్ల మీది రంగు కాలి గ్యారేజ్ అంతా తెల్లటి పొగ. మా ఆవిడ గుమ్మంలోంచి చెవులు మూసుకుని, "ఏమండీ, ఫైరింజిన్‌ని పిలవమంటారా?" అని అరిచింది. ఇరవై నిమిషాలూ అయ్యాయి, క్యామ్ దక్కింది. కానీ ఆ ఇరవై నిమిషాల్లోనే బెంచీ మీద స్పానర్లు తమంతట తాము నడుచుకుంటూ ఒక అంచుకి చేరాయి. సంతోషంలో ఎవరం పట్టించుకోలేదు. మరుసటి వారం పెద్దాయన ఎప్పట్లాగే చలికాలానికి ఫ్లోరిడా వెళ్లిపోయాడు.

ఇక మొదట్లో చెప్పిన వణుకు. ఆరు వారాలు వెతికాను. కాయిల్‌కి వెళ్లే వైరులో పాతకాలపు రెసిస్టెన్స్ ఉండి కొత్త ఇగ్నిషన్‌కి 12 వోల్టులకి బదులు 9 మాత్రమే అందుతోందని తేలింది. తప్పు దొరికిందని ఎగిరి గంతేశాను. వైరు మార్చాను. ఇంజిన్ ఇంకా శుభ్రంగా తిరుగుతూ, ఇంకా శుభ్రంగా వణికింది. మౌంట్ల రబ్బర్లు మార్చాను. కార్బొరేటర్ విప్పి కడిగాను. బెల్టులన్నీ తీసేసి ఒక్క నిమిషం నడిపాను, ఫ్యాన్, ఆల్టర్నేటర్ తిరగకపోయినా వణుకు అలాగే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద అనుమానం వచ్చి దాన్ని మళ్లీ బ్యాలెన్స్ చేయించాను. న్యూట్రల్‌లో, బండి నిలబడి ఉండగా వణికేదానికి తిరగని షాఫ్ట్ ఎలా కారణమవుతుంది? ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. టెన్షన్లో బుర్ర పనిచేయలేదు, అంతే.

క్రిస్మస్ సెలవుల్లో శుభాకాంక్షలు చెప్పడానికి పెద్దాయనకి ఫోన్ చేశాను. మాటల్లో సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న: "నువ్వు వేసిన ఫ్లెక్స్‌ప్లేట్‌కి బరువు ముక్క ఉందా?"

ఫ్లెక్స్‌ప్లేట్ నేను ఆన్‌లైన్‌లో కొన్నాను. బిగ్ బ్లాక్ షెవర్లేది, 168 పళ్లు, 40 డాలర్లు. అన్నీ నిజమే. కాకపోతే అది 396లోది.

396, 427లలో క్రాంక్‌షాఫ్ట్‌కి కావలసిన ఎదురు బరువంతా క్రాంక్ మీదే ఉంటుంది. 454లో స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, నాలుగు అంగుళాలు. అంత స్ట్రోక్‌కి కావలసిన బరువుని లోపలే సర్దకుండా కొంత బయట పెట్టారు. ముందు డ్యాంపర్‌లో కొంత, వెనక ఫ్లెక్స్‌ప్లేట్ మీద కొంత. కావడికి రెండువైపులా కుండలున్నట్టు. నేను ముందు కుండ ఉంచి, వెనక కుండ తీసేసి, కావడి ఎందుకు ఊగుతోందని ఆరు వారాలు భుజాన్ని తడుముకుంటూ కూర్చున్నాను. మెషిన్ షాపతను డ్యాంపరూ ఫ్లెక్స్‌ప్లేటూ తెమ్మన్నది సరిగ్గా ఇందుకే. ఆ రోజు వద్దన్నందుకు మిగిలిన డబ్బు ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్‌కీ, మౌంట్ రబ్బర్లకీ సరిపోయింది.

జనవరిలో, కిరోసిన్ హీటరు పక్కన పెట్టుకుని, కాంక్రీటు మీద అట్ట పరుచుకుని, గేర్‌బాక్స్ కిందికి దించాను. టర్బో 400 బరువు 60 కిలోలు పైమాటే. జాకీ మీదికి దిగేటప్పుడు కూలర్ గొట్టంలో మిగిలిన ఆయిల్ సరిగ్గా నా చెవిలోకి కారింది. పాత ప్లేటు విప్పి కొత్తదాని పక్కన పెట్టాను. అదే సైజు, అవే పళ్లు, అవే రంధ్రాలు. పాతది పళ్లెంలా చుట్టూ నున్నగా ఉంది. 454 ప్లేటుకి అంచు దగ్గర ఒకవైపు చిన్న ఇనుప ముక్క వెల్డింగ్ చేసి ఉంది. అరచేతిలో దాగిపోయే ముక్క. వేలితో దాన్ని తడిమి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

అన్నీ బిగించి సెల్ఫ్ కొట్టాను. 2200. అద్దంలో గ్యారేజ్ తలుపు ఒక్కటే ఉంది. 2800. 3500. బెంచీ మీద స్పానర్లు పెట్టినచోటే ఉన్నాయి. మొదట వీడియో తీసి ఫ్లోరిడాకి పంపాను. "వినడానికి బాగుంది. ఆయిల్ మార్చు" అని జవాబొచ్చింది.

ఏప్రిల్లో ఉప్పు కొట్టుకుపోయే రెండు గట్టి వానలు పడ్డాక బండి బయటికి తీశాం. మిషిగన్‌లో పొల్యూషన్ పరీక్షల్లేవు కాబట్టి ఆ తంటా లేదు. ముందుగా నోవీలోని వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాం. నోవాని నోవీకి తీసుకెళ్తున్నామని అమ్మాయి దారంతా నవ్వుతూనే ఉంది. పూజారిగారు పళ్లెం పట్టుకుని బయటికొచ్చి, "కొత్త బండా నాయనా?" అన్నారు. "బండి 1972దండీ, ఇంజిన్ కొత్తగా పెట్టాం" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి బానెట్ తెరవమని, ఎయిర్ ఫిల్టర్ మూత మీద కూడా కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు ఇంజిన్ వేడికి మాడి ఇప్పుడు గోధుమరంగు మచ్చలా ఉంది, తుడవలేదు. నిమ్మకాయలు తొక్కించడానికి స్టార్ట్ చేసేసరికి పక్కన నిలబెట్టిన కార్ల అలారాలు రెండు మోగాయి.

నడపడం ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. దూకుడు గురించే అడుగుతారు. నాకు మొదట తెలిసింది ముక్కు బరువు. పాత ఇంజిన్ మీద దాదాపు వంద కిలోలు ఎక్కువ, అదంతా ముందు చక్రాల మీదే. బిగ్ బ్లాక్ స్ప్రింగులు వేసినా మలుపుల్లో బండి నిదానంగా, కొంచెం అయిష్టంగా తిరుగుతుంది. తిన్నగా ఉన్న రోడ్డు మీద మాత్రం వేరే లోకం. యాక్సిలరేటర్ సగం తొక్కితే కార్బొరేటర్ గొంతు విప్పుతుంది, ముక్కు లేస్తుంది, బానెట్ ఆకాశంలోకి వెళ్తున్నట్టుంటుంది. పూర్తిగా తొక్కింది నాలుగైదుసార్లే. ప్రతిసారీ వెనక టైర్లు నాకంటే ముందు నిర్ణయం తీసుకున్నాయి.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వెళ్లాం. 1995లో మొదలైన పండగ ఇది, ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పాత బండ్లన్నీ చేరతాయి. జాతర అనొచ్చు, ప్రభలకి బదులు బండ్లు. పెద్దాయన పక్క సీట్లో, అమ్మాయి వెనక. గంటకి మూడు మైళ్ల వేగం. రాయల్ ఓక్ దాటేసరికి టెంపరేచర్ ముల్లు 220 ఫారెన్‌హీట్ దగ్గరికి పాకింది. పక్కకి తీసి బానెట్ తెరిచాం. రేడియేటర్ పెద్దదే వేశాను, కానీ ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్‌లోంచి ఫ్యాన్ పూర్తిగా బయటికొచ్చి ఉంది. రెక్కలు సగం లోపల, సగం బయట ఉంటేనే గాలిని రేడియేటర్‌లోంచి లాగుతాయి. ఒక స్పేసర్ ముక్క తేడా. రోడ్డు పక్కన మడత కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్లు నలుగురు లేచొచ్చి ఇదే మాట నాలుగు రకాలుగా చెప్పారు. అందులో ఒకాయన ఐస్ బాక్స్ తెచ్చిచ్చాడు, ఇంజిన్‌కి కాదు, మాకు.

నాన్నకి వీడియో కాల్‌లో బండి చూపించాను. చుట్టూ తిప్పి, ఇంజిన్ చూపించి, చప్పుడు వినిపించాను. ఆయన అంతా ఓపిగ్గా విని, "బాగుందిరా. మైలేజీ ఎంతిస్తుంది?" అన్నారు. గ్యాలన్‌కి ఎనిమిది మైళ్లని చెప్పి, మన లెక్కలో లీటరుకి మూడున్నర కిలోమీటర్లు లోపే అన్నాను. ఆయన అవతలికి తిరిగి అమ్మతో, "వీడు లారీ కొన్నాడే" అన్నారు. ఫోన్ పక్కనే ఉన్న మామయ్య లాక్కున్నాడు. షెడ్డు ఎప్పుడో అమ్మేశాడు, ఇప్పుడు చూపు కూడా కాస్త మందగించింది. ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఇంజిన్ని చాలాసేపు చూసి, "ఏరా అల్లుడూ, ఆ మూల రేకు ముక్క కొట్టావేంటి? హీటరు తీసేశావా?" అన్నాడు.

అన్ని వేల మైళ్ల అవతల నుంచి ఆయన కన్ను దానిమీదే పడింది. పలచటి కవరు అట్టపెట్టెలోనే ఉంది, గ్యారేజ్ అటక మీద. నవంబరులో బండి లోపల పెట్టగానే కుడివైపు రెక్క విప్పుతున్నాను. పెద్దాయన ఫ్లోరిడా వెళ్లేలోపు ఆ బోల్టు బయటికి రావాలి.